డిస్కు కనబడట్లేదా? ముందు చేతులు కట్టుకోండి!

‘సర్వర్‌ను రీబూట్ చేశారు. లాగిన్ అయి చూస్తే డేటా ఉన్న వాల్యూమ్ కనబడట్లేదు. ఏం చేస్తారు?’

లైనక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్, డేటాబేస్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్లే ఫ్రెషర్లకు ఎదురయ్యే ప్రశ్నల్లో ఇదొకటి. చాలామంది టకటకా జవాబు చెప్పేస్తారు. ‘ఎఫ్‌ఎస్‌సీకే రన్ చేస్తా సర్’, ‘వాల్యూమ్ మళ్లీ క్రియేట్ చేస్తా’, ‘ఫార్మాట్ చేసి బ్యాకప్ నుంచి తెచ్చుకుంటా’. ఈ కమాండ్లలో ఏదీ తప్పు కాదు. వాడిన వేళే తప్పు. ఆ సమయంలో అవే కమాండ్లు, అప్పటిదాకా భద్రంగా ఉన్న డేటాను నిజంగానే పోగొట్టగలవు.

సరైన జవాబు వినడానికి చప్పగా ఉంటుంది. ‘ముందు డిస్కు మీద ఏమీ రాయను సర్. ఏం జరిగిందో చూస్తాను.’ అంతే. ఈ ఒక్క వాక్యం వెనక ఉన్న అవగాహన పది సర్టిఫికెట్ల కంటే విలువైనదని నా అభిప్రాయం. మన కోర్సుల్లో దీన్ని ఎందుకు నేర్పట్లేదో, మీరు సొంతంగా ఎలా నేర్చుకోవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

పోవడం వేరు, కనబడకపోవడం వేరు

పట్టాదారు పాసుపుస్తకం పోయిందని పొలం మాయం కాదు. రికార్డుల్లో సర్వే నంబర్ తప్పుగా పడినా పొలం ఉన్నచోటే ఉంటుంది, కాగితాల్లోనే కనబడదు. కానీ ఆ గందరగోళంలో ఎవరో వచ్చి ఆ పొలంలో కొత్తగా ఇల్లు కట్టేశారనుకోండి, అప్పుడు నిజంగా నష్టం జరిగినట్టు.

డిస్కు సంగతీ అంతే. మన ఫైళ్లు ఉండే చోటు వేరు, అవి ఎక్కడున్నాయో చెప్పే రికార్డులు వేరు. ఆ రికార్డులు ఒకటి కాదు, అంతస్తులుగా ఉంటాయి. అడుగున అసలు డిస్కు. దాని మీద పార్టిషన్ టేబుల్. లైనక్స్ సర్వర్లలో చాలాచోట్ల దానిపైన ఎల్‌వీఎం ఉంటుంది. అంటే కొన్ని డిస్కులను ఫిజికల్ వాల్యూమ్‌లుగా గుర్తించి, వాటిని కలిపి వాల్యూమ్ గ్రూప్‌గా చేసి, అందులోంచి కావాల్సిన సైజులో లాజికల్ వాల్యూమ్‌లు తీసుకోవడం. దాని మీద ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్. ఆఖరున, ఆ ఫైల్ సిస్టమ్‌ను ఏ డైరెక్టరీలో చూపించాలో చెప్పే మౌంట్.

రీబూట్ సమయంలో ఈ అంతస్తులన్నీ కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా మళ్లీ నిలబడాలి. ఎక్కడ ఒక్క మెట్టు తప్పినా మీకు కనబడే దృశ్యం ఒకటే, ‘డేటా లేదు’. కానీ కారణాలు మాత్రం బోలెడు.

ఎవరో నెలల కిందట డిస్కును చేత్తో మౌంట్ చేసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎంట్రీ రాయడం మర్చిపోయి ఉండొచ్చు. సర్వర్ ఆగనంతకాలం అంతా బాగానే నడుస్తుంది. రీబూట్ చేసిన రోజే ఆ మరుపు బయటపడుతుంది. లేదంటే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ అని రాసి ఉంటారు, కొత్త డిస్కు చేర్చాక అదే డిస్కు ఎస్‌డీసీగా పైకి లేచి ఉంటుంది. ఇలాంటి పేర్లు రీబూట్ తర్వాత అలాగే ఉంటాయన్న గ్యారంటీ లేదు. అందుకే యూయూఐడీతో మౌంట్ చేయమంటారు. ఒక్కోసారి వాల్యూమ్ గ్రూప్ యాక్టివేట్ కాకపోవచ్చు. రెయిడ్ డిస్కులు ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోవచ్చు. పార్టిషన్ టేబుల్ చెడిపోయి ఉండొచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటే కీ అడుగుతూ ఆగిపోయి ఉండొచ్చు. ఇక చివరిది, డిస్కే చచ్చిపోయి ఉండొచ్చు.

ఇన్నింటిలో డేటాకు నిజంగా దెబ్బ తగిలేవి కొన్నే. మిగతావన్నీ కాగితాల గొడవలే. ఏది ఏదో తేల్చకుండా ఫార్మాట్ చేయడమంటే, పాసుపుస్తకం కనబడలేదని పొలం అమ్మేసుకోవడమే.

ఖాళీ డైరెక్టరీ వలలో పడొద్దు

ఇక్కడే ఓ మాయ ఉంది. చాలా పాఠాల్లో దీని ఊసు ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డేటాబేస్ ఫైళ్లన్నీ ఒక వాల్యూమ్ మీద ఉన్నాయి, అది ‘డేటా’ అనే డైరెక్టరీలో మౌంట్ అవుతుంది అనుకుందాం. రీబూట్ తర్వాత వాల్యూమ్ మౌంట్ కాలేదు. అయినా ‘డేటా’ డైరెక్టరీ అలాగే ఉంటుంది, ఖాళీగా. ఎందుకంటే అది రూట్ డిస్కు మీద ఉన్న ఉత్త ద్వారం మాత్రమే. ఆ ద్వారం వెనక ఉండాల్సిన గది ఇంకా రాలేదు.

సర్వీసు సెటప్ చేసిన తీరును బట్టి, డేటాబేస్ ఈ ఖాళీ చోటు చూసి కొత్త ఇన్‌స్టాల్ అనుకుని అక్కడే మొదట్నుంచీ ఫైళ్లు తయారుచేసుకోవచ్చు. యూజర్లు లాగిన్ అవుతారు, కొత్త రికార్డులు పడుతుంటాయి. పాత డేటా ఒక చోట, కొత్త డేటా ఇంకో చోట. గంట తర్వాత ఎవరో వాల్యూమ్‌ను మౌంట్ చేస్తారు. పాతది ప్రత్యక్షమవుతుంది, ఈ గంటలో రాసిన కొత్తది దాని కింద దాక్కుంటుంది. ఇప్పుడు రెండింటినీ కలపడం పెద్ద తలనొప్పి.

అందుకే అనుభవం ఉన్న అడ్మిన్ మొదట చేసే పని రికవరీ కాదు. ఆ వాల్యూమ్ మీద ఆధారపడిన సర్వీసుల్ని ఆపడం. తర్వాతే వెతుకులాట. ఇంటర్వ్యూలో ఈ ఒక్క పాయింట్ చెప్పండి. ఎదుటివారు కుర్చీలో ముందుకు జరుగుతారు.

చూడటానికే కమాండ్లు, రాయడానికి కాదు

కమాండ్లను రెండు గుంపులుగా విడదీసుకోండి. మొదటి గుంపు చూసేవి. డీమెసేజ్ లాగ్ చూస్తే డిస్కును కర్నెల్ అసలు గుర్తించిందో లేదో తెలుస్తుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఏయే డిస్కులు, పార్టిషన్లు ఉన్నాయో చెబుతుంది. బీఎల్‌కేఐడీ వాటి మీద ఏ ఫైల్ సిస్టమ్ ఉందో, యూయూఐడీ ఏమిటో చూపిస్తుంది. పీవీఎస్, వీజీఎస్, ఎల్‌వీఎస్ అనే మూడు చిన్న కమాండ్లు ఎల్‌వీఎం అంతస్తులో ఏ మెట్టు విరిగిందో బయటపెడతాయి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌ను చదివితే ఏం మౌంట్ కావాల్సి ఉందో తెలుస్తుంది. స్మార్ట్ రిపోర్ట్ డిస్కు ఆరోగ్యం చెబుతుంది. వీటితో డేటాకు దెబ్బ తగలదు.

రెండో గుంపు రాసేవి. ఎంకేఎఫ్‌ఎస్, పార్టిషన్ మార్చేవి, పీవీక్రియేట్, రిపేర్ మోడ్‌లో ఎఫ్‌ఎస్‌సీకే. వీటి జోలికి వెళ్లేముందు మొదటి గుంపు ఏం చెప్పిందో కాగితం మీద ఉండాలి. ఎఫ్‌ఎస్‌సీకే తప్పనిసరైతే ముందు ‘ఎన్’ ఆప్షన్‌తో నడపండి, అది సమస్యలు చూపిస్తుందే తప్ప ఏమీ మార్చదు. ఇంకో సూక్ష్మం ఉంది. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తున్నాం కదా, ప్రమాదం లేదనుకుంటాం. కానీ ఈఎక్స్‌టీ4 అప్పుడు కూడా జర్నల్‌ను రీప్లే చేయగలదు. అంటే డిస్కు మీద రాత పడుతుంది. అది కూడా వద్దనుకుంటే ‘నోలోడ్’ ఆప్షన్ కలపాలి.

విండోస్ వాడేవారికీ ఇదే సూత్రం. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టగానే ‘ఫార్మాట్ చేస్తే గానీ వాడలేరు’ అనో, ‘డిస్కును ఇనిషియలైజ్ చేయండి’ అనో చిన్న బాక్స్ వస్తుంది. చేతి అలవాటు కొద్దీ ‘ఓకే’ నొక్కేస్తాం. అక్కడ నొక్కాల్సింది ‘క్యాన్సిల్’. ముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. డ్రైవ్ లెటర్ పోయిందా, డిస్కు ఆఫ్‌లైన్‌లో ఉందా, ఫైల్ సిస్టమ్ ‘రా’ అని చూపిస్తోందా? మొదటి రెండూ నిమిషంలో సరిచేసుకోవచ్చు. మూడోది వస్తే మాత్రం చేయి వెనక్కి తీసుకోండి.

డిస్కులో టక్ టక్ శబ్దాలు వస్తుంటే ఇంకేమీ ప్రయత్నించొద్దు. పవర్ ఆపేయండి. అది నిపుణుల పని. శబ్దాలేమీ లేకుండా రీడ్ ఎర్రర్లు మాత్రమే వస్తుంటే డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును ఇంకో డిస్కు మీదికి ఇమేజ్‌గా తీసుకుని, ఆ కాపీ మీదే ప్రయోగాలు చేయాలి. ఒరిజినల్ ఒక్కటే, కాపీలు ఎన్నైనా తీసుకోవచ్చు.

రికార్డులకూ నకళ్లు ఉంటాయి

ఈ విద్యలో నాకు బాగా నచ్చే విషయం ఇది. ఏదో ఒక రోజు రికార్డు చెడిపోతుందని దీన్ని డిజైన్ చేసినవాళ్లు ముందే ఊహించారు. జీపీటీ పార్టిషన్ టేబుల్ డిస్కు మొదట్లో ఒకటి, చివర్లో ఇంకొకటి ఉంటుంది. మొదటిది చెడితే రెండోదాని నుంచి తిరిగి రాయొచ్చు. ఈఎక్స్‌టీ4 తన సూపర్‌బ్లాక్ నకళ్లను డిస్కు పొడవునా అక్కడక్కడా దాచిపెడుతుంది. బ్లాక్ సైజు 4 కేబీ అయితే మొదటి నకలు మామూలుగా 32768వ బ్లాక్‌లో దొరుకుతుంది.

ఎల్‌వీఎం అయితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. వాల్యూమ్ గ్రూప్‌లో ఏ మార్పు చేసినా, ఆ మ్యాప్‌ను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా సర్వర్‌లో ఈటీసీ డైరెక్టరీ కింద ఉన్న ఎల్‌వీఎం ఫోల్డర్‌లో దాస్తుంది. తాజాది ‘బ్యాకప్’లో, పాతవి ‘ఆర్కైవ్’లో. తెరిచి చదివితే ఏ లాజికల్ వాల్యూమ్ ఏ డిస్కులో ఎక్కడ మొదలవుతుందో అర్థమవుతుంది. ఫిజికల్ వాల్యూమ్ లేబుల్ చెరిగిపోతే, ఈ ఫైల్లో ఉన్న పాత యూయూఐడీనే ఇచ్చి, ఇదే ఫైల్‌ను రీస్టోర్‌ఫైల్‌గా చూపించి పీవీక్రియేట్ చేయాలి. తర్వాత వీజీసీఎఫ్‌జీరీస్టోర్‌తో మ్యాప్‌ను తిరిగి రాయాలి. ఆపైన వీజీచేంజ్‌తో యాక్టివేట్ చేస్తే, అసలు డేటా చెక్కుచెదరకుండా ఉన్నట్లయితే వాల్యూమ్ తిరిగి లేస్తుంది.

ఒకటి గుర్తుంచుకోండి. వీజీసీఎఫ్‌జీరీస్టోర్ తెచ్చేది పాసుపుస్తకాన్నే, పంటను కాదు. డేటా బ్లాకుల మీద ఇంకేదో రాసేసి ఉంటే అది చేయగలిగేదేమీ లేదు. ఈ తేడా చెప్పగలిగిన అభ్యర్థికి విషయం తెలుసన్న సంగతి ఇంటర్వ్యూ చేసేవారికి ఇట్టే అర్థమవుతుంది.

పార్టిషన్లు కనబడకపోతే వెతికిపెట్టడానికి టెస్ట్‌డిస్క్, ఫైళ్ల పేర్లు పోయినా వాటి ఆనవాళ్లను బట్టి ఫొటోలు, డాక్యుమెంట్లు ఏరి తీయడానికి ఫోటోరెక్ ఉన్నాయి. రెండూ ఉచితం, ఓపెన్ సోర్స్. దొరికిన ఫైళ్లను అదే డిస్కు మీద సేవ్ చేయకూడదు, అంతే.

అన్నిసార్లూ తిరిగి రాదు

యూట్యూబ్‌లో ‘100 శాతం రికవరీ’ అనే వీడియోలు చూసి ధీమాగా ఉండకండి. ఎస్‌ఎస్‌డీల్లో ట్రిమ్ అనే సదుపాయం ఉంటుంది. ఫైల్ డిలీట్ చేసినా, వాల్యూమ్ ఫార్మాట్ చేసినా ఆ చోటు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవ్‌కు చెప్పేస్తుంది. ఆ తర్వాత ఆ డేటా దొరకడం దాదాపు కల్ల. పాత హార్డ్ డిస్కుల కాలంనాటి ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఎన్‌క్రిప్షన్ కీ పోతే అంతే సంగతులు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన విమానాశ్రయాల్లో కూడా ఇబ్బంది తప్పలేదు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడొకరికి చేతితో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు అందరి ఫోన్లలో తిరిగింది. ఆ కంప్యూటర్లలో డిస్కులు బాగానే ఉన్నాయి, డేటా కూడా భద్రమే. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తప్పుడు ఫైల్‌ను తీసేస్తే చాలు. కానీ బిట్‌లాకర్ ఉన్న మెషీన్లు చాలాచోట్ల 48 అంకెల రికవరీ కీ అడిగాయి. కీలు ఎక్కడ దాచారో తెలిసిన సంస్థలు త్వరగా బయటపడే వీలుంది. ఆ కీలు కూడా ఆగిపోయిన మెషీన్లలోనే ఉంటే? తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే. మీ ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందా, దాని కీ ఎక్కడుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఇవాళే తెలుసుకోండి.

ఐదు దారులూ మూసుకుపోయిన రాత్రి

రీబూట్ సంఘటన కాకపోయినా, ఈ విషయంలో ప్రతి విద్యార్థీ చదవాల్సిన ఉదంతం ఇంకొకటి ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్ డేటాబేస్ రెప్లికేషన్ సమస్యను సరిచేస్తున్నాడు. అప్పటికే బాగా పొద్దుపోయింది. రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటా డైరెక్టరీని డిలీట్ చేశాడు. ఒకటి రెండు సెకన్లలో తేరుకుని ఆపినా, దాదాపు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీయే.

బ్యాకప్ ఉంది కదా అనుకున్నారు. చూస్తే రోజువారీ డంప్‌లు ఎప్పట్నుంచో ఫెయిల్ అవుతున్నాయి. డేటాబేస్ వెర్షన్ ఒకటి, డంప్ తీసే టూల్ వెర్షన్ ఇంకొకటి. ఫెయిల్ అయిందని చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా అందట్లేదు. డంప్‌లు చేరాల్సిన క్లౌడ్ స్టోరేజ్ ఖాళీ. ఐదు రకాల ఏర్పాట్లున్నా ఏదీ అనుకున్నట్టు అక్కరకు రాలేదు. ఆఖరికి వాళ్లను ఆదుకున్నది ఏమిటో తెలుసా? ప్రమాదానికి సుమారు 6 గంటల ముందు, టెస్టింగ్ పని కోసం ఓ ఇంజినీర్ చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్. దాన్ని కాపీ చేసుకుని సైట్‌ను తిరిగి నిలబెట్టారు. మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటల డేటా మాత్రం పోయింది.

ఈ కథలో నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగింది. రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించారు. ఏం జరిగిందో గంట గంటకీ బహిరంగంగా రాశారు. తర్వాత వెలువరించిన నివేదికలో ఒక మనిషిని వేలెత్తి చూపలేదు. బ్యాకప్‌లు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదన్నదే అసలు లోపమని ఒప్పుకున్నారు. బ్యాకప్ ఉండటం గొప్ప కాదు, దాన్నుంచి రీస్టోర్ చేసి చూడటం గొప్ప అనే మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

‘క్లౌడ్ వచ్చాక ఇవన్నీ ఎందుకు?’

ఈ ప్రశ్న వేసే విద్యార్థులు చాలామందే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. క్లౌడ్‌లో డిస్కు చెడిపోతే చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. కానీ మౌంట్ చేసేది, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాసేది, స్నాప్‌షాట్ షెడ్యూల్ పెట్టేది మీరే. అమెజాన్ క్లౌడ్‌లో కొత్త తరం సర్వర్లకు తగిలించిన వాల్యూమ్‌ల డివైస్ పేర్లు రీబూట్ తర్వాత మారొచ్చు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ‘నోఫెయిల్’ లేకపోతే, ఒక్క డేటా డిస్కు దొరకనందుకు మొత్తం సర్వరే బూట్ కాకుండా ఆగిపోవచ్చు. అక్కడ ఎదురుగా కీబోర్డు, మానిటర్ కూడా ఉండవు.

ఇంకో ఉచ్చు, తాత్కాలిక డిస్కులు. అమెజాన్‌లో ఇన్‌స్టెన్స్ స్టోర్ డిస్కులో డేటా రీబూట్‌ను తట్టుకుంటుంది. సర్వర్‌ను స్టాప్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం పోతుంది. రీబూట్, స్టాప్-స్టార్ట్ ఒకటేననుకునే వారికి ఇక్కడ గట్టి దెబ్బ తగులుతుంది. క్లౌడ్ మారినా, కంపెనీ మారినా అంతస్తుల లెక్క మారదు. అది తెలిసినవారికి ప్లాట్‌ఫామ్ ఏదైనా ఒకటే.

మొదటి పది నిమిషాలు ఫ్రెషర్ చేతిలోనే

‘ఫ్రెషర్లకు ప్రొడక్షన్ సర్వర్ ఎవరిస్తారు? రికవరీ సీనియర్ల పని కదా’ అనే వాదన కూడా ఉంది. సగం నిజం. రికవరీ సీనియర్లే చేస్తారు. కానీ అర్ధరాత్రి షిఫ్టులో అలర్ట్ చూసేది ఎవరు? ఎల్1 సపోర్ట్‌లో కూర్చున్న కొత్త కుర్రాడో, అమ్మాయో. సీనియర్ ఫోన్ ఎత్తేలోపు ఆ మొదటి పది నిమిషాల్లో ఏం చేశారన్న దాని మీదే మిగతా కథంతా ఆధారపడుతుంది.

ఇక్కడ సాంకేతిక జ్ఞానం కంటే భయం ఎక్కువ పనిచేస్తుంది. మొదటి ఉద్యోగం. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్. ప్రొబేషన్ పూర్తి కాలేదు. ‘నా షిఫ్టులోనే పోయిందంటే ఏమంటారో’ అన్న కంగారులో ఎవరికీ చెప్పకుండా సరిచేద్దామని చూస్తారు. ఒక కమాండ్ పనిచేయకపోతే ఇంకోటి, అదీ కాకపోతే ఫోరమ్‌లో దొరికిన మూడోది. రెండు గంటల తర్వాత సీనియర్ వచ్చేసరికి రికవర్ చేయడానికి ఏమీ మిగలదు.

దానికి బదులు ఒక్క ఫోన్ కాల్. ‘అన్నా, రీబూట్ తర్వాత డేటా వాల్యూమ్ మౌంట్ కాలేదు. డేటాబేస్ సర్వీస్ ఆపాను. డిస్కు మీద ఏమీ రాయలేదు. ఎల్‌ఎస్‌బీఎల్‌కే, డీమెసేజ్ అవుట్‌పుట్ టికెట్‌లో పెట్టాను.’ ఇలా చెప్పిన ఫ్రెషర్‌ను ఏ టీమ్ లీడ్ మర్చిపోడు. కంపెనీలూ తమ వంతు చేయాలి. నిజం చెప్పినవారిని తిట్టే టీమ్‌లో రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. ఆ మౌనానికి మూల్యం డేటా రూపంలో కట్టాల్సి వస్తుంది.

చెడగొట్టడం కూడా సిలబస్‌లో ఉండాలి

మన ల్యాబ్‌లలో, అమీర్‌పేట కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది తయారుచేయడం. పార్టిషన్ చేయడం, వాల్యూమ్ సృష్టించడం, మౌంట్ చేయడం, రికార్డు బుక్‌లో అవుట్‌పుట్ అతికించడం. ఆ తర్వాత మెషీన్‌ను రీబూట్ చేసి చూసే పనే ఉండదు. రెడ్‌హ్యాట్ సంస్థ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష చూడండి. అది ప్రాక్టికల్ పరీక్ష. అభ్యర్థి చేసిన సెట్టింగ్‌లన్నీ రీబూట్ తర్వాత కూడా వాటంతటవే నిలవాలన్నది అందులో నియమం. రీబూట్‌ను తట్టుకోని పని పూర్తయిన పని కాదన్నమాట. మన ల్యాబ్ పరీక్షల్లో ఈ ఒక్క నియమం పెట్టినా చదువు తీరే మారిపోతుంది.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ చాలు, ఖర్చు సున్నా. ఒక శని, ఆదివారం కేటాయించండి.

* వర్చువల్‌బాక్స్‌లో ఏదైనా లైనక్స్ ఇన్‌స్టాల్ చేసి, 2 జీబీ చొప్పున రెండు వర్చువల్ డిస్కులు అదనంగా తగిలించండి. వాటి మీద ఎల్‌వీఎం కట్టి, ఈఎక్స్‌టీ4 వేసి, కొన్ని ఫైళ్లు పెట్టండి. ప్రతి ఫైల్‌కూ షా256 చెక్‌సమ్ తీసి వేరేచోట రాసుకోండి. తిరిగి వచ్చింది అదే డేటా అని రుజువు చేసేది ఇదే. అంతా అయ్యాక వర్చువల్ మెషీన్‌కు స్నాప్‌షాట్ తీసుకోండి.

* మొదటి ప్రయోగం: ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఎంట్రీ తీసేసి రీబూట్ చేయండి. చూసే కమాండ్లతోనే కారణం కనిపెట్టండి.

* రెండోది: ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పు యూయూఐడీ రాసి రీబూట్ చేయండి. ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతే ఎలా బయటపడాలో నేర్చుకోండి. తర్వాత ‘నోఫెయిల్’ పెట్టి తేడా గమనించండి.

* మూడోది: వాల్యూమ్ గ్రూప్‌ను డీయాక్టివేట్ చేసి, డీడీ కమాండ్‌తో అందులోని ఒక వర్చువల్ డిస్కు మొదటి 1 ఎంబీని చెరిపేయండి. మామూలుగా ఎల్‌వీఎం లేబుల్, మ్యాప్ ఉండేది అక్కడే. ఇప్పుడు ఆర్కైవ్ ఫైల్ సాయంతో తిరిగి తెచ్చి, చెక్‌సమ్‌లు సరిపోల్చండి. ఇది వర్చువల్ మెషీన్ లోపలే చేయాలి. డిస్కు పేరు రెండుసార్లు చూశాకే ఎంటర్ నొక్కండి.

* ప్రతి ప్రయోగానికీ ఒక పేజీ రాయండి. ఏం కనిపించింది, ఏం అనుమానించారు, ఏం చూసి నిర్ధారించుకున్నారు, ఏ కమాండ్ ఎందుకు వాడారు.

ఈ నాలుగైదు పేజీలను గిట్‌హబ్‌లో పెట్టి రెజ్యూమెలో లింక్ ఇవ్వండి. ‘లైనక్స్, ఎల్‌వీఎం తెలుసు’ అనే లైను అందరి రెజ్యూమెల్లోనూ ఉంటుంది. ‘చెరిపేసిన ఎల్‌వీఎం మెటాడేటాను పునరుద్ధరించి, చెక్‌సమ్‌తో సరిచూశాను’ అనే లైను ఎంతమంది రాయగలరు? పైగా ఇంటర్వ్యూలో దాని మీద ఎన్ని ప్రశ్నలు వేసినా తడబడరు. బట్టీపట్టింది కాదు కదా, చేతులతో చేసింది.

ఈ ప్రయోగాల పుణ్యాన ఇంకో లాభం కూడా ఉంది. చాలామంది ఫైనలియర్ ప్రాజెక్టు ఇప్పుడు ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే డిస్కు మీద ఉంటుంది. మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరేచోట అనే 3-2-1 సూత్రం పెద్ద కంపెనీల కోసమే కాదు. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే మీకది సరిపోతుంది. వారానికోసారి క్లౌడ్ కాపీని స్నేహితుడి కంప్యూటర్‌లో దించి, ప్రాజెక్టు నిజంగా రన్ అవుతోందో లేదో చూడండి. రన్ అయితేనే అది బ్యాకప్. కాకపోతే ఆ సంగతి వైవా ముందురోజు కాకుండా ఇవాళే తెలిసినందుకు సంతోషించి, కూర్చుని సరిచేసుకోండి.